మచ్చ చెప్పే మాట

ఒకానొక యేడు నా ఎనిమిదో తరగతిలో, పెదవుల మీదా కనురెప్పల మీదా నల్లని చిరుచుక్కలున్న బాలిక ఉండేది. తోటిపిల్లలు "నువ్వులమూతి" అని ఏడిపించేవారు. ఒకనాడు ఆ పిల్ల కన్నీరు చూడలేక, "పెదవిపై మచ్చ వాక్చాతుర్యానికి గుర్తమ్మా" అని సాముద్రికం పేరు చెప్పి ఓదార్చాను. పిల్ల నవ్వింది. నేనూ తృప్తిపడ్డాను.

విశ్రాంతి దొరికాక చదివిన చదువులో ఒక వ్యాధి పేరు తగిలింది: కార్నీ కాంప్లెక్స్. అమెరికాలోని మేయో క్లినిక్‌లో పనిచేసిన వైద్యుడు ఎయిడన్ కార్నీ 1985లో దీనిని వివరించాడు. చర్మంపై చుక్కలు, గుండెలో మిక్సోమా అనే కణితులు, గ్రంథుల అతిస్రావం అనే మూడూ వేర్వేరు రోగాలు కావనీ, ఒకే మూలానికి కొమ్మలనీ గుర్తించాడు. చాలామందిలో ఆ మూలం 17వ క్రోమోజోము మీది ఒక జన్యువులోని లోపమని 2000లో తేలింది. కణాల పెరుగుదలకు కళ్ళెం వేయవలసిన జన్యువది. కళ్ళెం సడలితే గుండెలోనూ, చర్మంలోనూ, అడ్రినల్, పీయూష, థైరాయిడ్ గ్రంథులలోనూ కణితులు లేవవచ్చు. గుండెలోని కణితి రక్తప్రవాహానికి అడ్డుపడవచ్చు. దాని తునక మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. శస్త్రచికిత్సతో తొలగించినా మళ్ళీ పుట్టవచ్చు. అందుకే ఏటేటా గుండెకు ఎకో పరీక్ష చేయించుకొమ్మంటారు.

ఇది అత్యంత అరుదు. వైద్యగ్రంథాలకెక్కినవారు కొన్ని వందలమందే. మచ్చలున్నవారందరూ భయపడనక్కరలేదు, నా శిష్యురాలివి వట్టి మచ్చలే కావచ్చు. అయినా, "ఒకసారి వైద్యునికి చూపించండి" అని ఆమె తల్లిదండ్రులతో అనకపోయానే అన్న వెలితి నాకు మిగిలింది. ఫలితం చెప్పాను గాని, కారణం అడగలేదు.

ఇక నేను చెప్పదలచినది. తల్లిదండ్రులలో ఒకరికి ఈ వ్యాధి ఉంటే, ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సంక్రమించే అవకాశం సగం. రోగులలో సుమారు నూటికి 70 మందికి ఇది వంశం నుండి వచ్చినదే. కనుక ఒకరికి రోగం నిర్ధారణ అయితే అది అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్ళకూ, బిడ్డలకూ అందవలసిన వార్త. మన ఇళ్ళలో జరిగేదేమిటి? "తాతగారు గుండె ఆగి పోయారు" అని ఊరుకుంటాం. పొలం గట్ల తగాదా మూడుతరాలు గుర్తుంచుకుంటాం గాని, పెద్దలు ఏ రోగంతో పోయారో ఒక్క తరం కూడా గుర్తుంచుకోము.

"చెబితే పిల్లకు సంబంధాలు చెడతాయి" అంటారు. ఆ భయం కల్పితం కాదు. మగపిల్లవాని రోగాన్ని క్షమించే లోకం ఆడపిల్ల మచ్చను క్షమించదు. అందుచేత ఊరందరికీ చాటమని నేననను. అయితే ఊరికి చెప్పకపోవడం వేరు, రక్తసంబంధీకులకు చెప్పకపోవడం వేరు. మొదటిది మన గోప్యత. రెండవది, ఒక్క పరీక్షతో బయటపడగల కణితిని తమ్ముని గుండెలో పెరగనివ్వడం. దానికి పరువు అని పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఈ మధ్య మా పిల్లలను కూర్చోబెట్టి, మా వంశంలో ఎవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో తెలిసినంతవరకు ఒక కాగితం మీద వ్రాయించాను. సగం గళ్ళు ఖాళీగానే ఉన్నాయి. మీ ఇళ్ళలో ఎన్ని నిండుతాయో చూసి చెప్పండి.