మిగిలేది వస్తువా, ఇంధనమా?

ప్రపంచంలో పోగయ్యే ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయ్యేది కేవలం 9 శాతమని 2022లో ఓఈసీడీ నివేదిక తేల్చింది. మిగతాదానికి ‘అధునాతన రీసైక్లింగ్’ మందు అంటున్నారు. అయితే ఆ పేరు కింద రెండు వేర్వేరు పనులున్నాయి.

మొదటిది పైరాలిసిస్. గాలి తగలనివ్వకుండా ప్లాస్టిక్‌ను బాగా వేడిచేసి నూనె తీస్తారు. డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ 2019లో రోజుకు 1 టన్ను ప్లాస్టిక్‌ను డీజిల్‌గా మార్చే ప్లాంటు నెలకొల్పింది. వీధిలో తగలబెట్టడం కన్నా ఇది మేలే. కానీ ఇంజనులో కాలిపోయింది మళ్లీ వస్తువు కాదు. కొత్త ప్లాస్టిక్‌కు కొత్త చమురు కావలసిందే.

రెండోది, ప్లాస్టిక్‌ను దాని మూల రసాయనాలుగా విడదీయడం. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఒక ఎంజైముతో పెట్ ప్లాస్టిక్‌లో 90 శాతాన్ని 10 గంటల్లో విడదీసి, తిరిగి సీసాలు చేసినట్టు 2020లో ప్రకటించారు. అయితే ఆ ఎంజైము పెట్ కోసం తయారైనది. పాల ప్యాకెట్లకు, క్యారీ బ్యాగులకు పనికిరాదు.

మన దేశపు 2022 నిబంధనలు ఈ తేడాను గుర్తించాయి. ఇంధనం కోసం నూనె తీయడాన్ని రీసైక్లింగ్‌లో కాక, ప్లాస్టిక్‌ను చివరిగా వదిలించుకునే పద్ధతుల్లో చేర్చాయి. ఆ గీతను చెరిపేయనివ్వకూడదు. మన ఊరికి ప్లాంటు తెస్తామన్నవారిని ముందుగా అడగవలసింది ఇదే: చివరికి చేతికొచ్చేది వస్తువా, ఇంధనమా? ఇంధనమే అయితే, ప్లాస్టిక్ తయారీని తగ్గించే బాధ్యత ఇంకా తీరనట్టే.