పట్టడమే కాదు... వదలడమూ తెలియాలి!

1976 అక్టోబరు 21. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన, ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరి దగ్గరి కొండ మీదికి కొందరు కుర్రాళ్లు సైకిళ్లతో చేరారు. అవి ఖరీదైన రేసు సైకిళ్లేమీ కావు. 1930, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్లు. ఏ మూలో తుప్పు పడుతున్నవాటిని తెచ్చి బాగుచేసుకున్నారు. ఒక్కోటీ 20 కిలోలకు పైమాటే. వాళ్లు దిగాల్సిన మట్టి దారి పొడవు 3 కిలోమీటర్లయినా ఉండదు. కానీ ఆ కాస్త దూరంలోనే 1,300 అడుగులు కిందికి జారిపోతుంది. గడియారం పట్టుకుని ఒక్కొక్కరినే వదలడం, ఎవరు తక్కువ సమయంలో దిగితే వాళ్లు గెలిచినట్టు... అదీ పందెం.

ఆ రోజు ఆలన్ బాండ్స్ గెలిచాడు. కింద పడకుండా దిగింది అతనొక్కడేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత అదే దారిలో గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు సృష్టించాడు. పందేలు నడిపిన చార్లీ కెల్లీ, అందులో పాల్గొన్న జో బ్రీజ్, ఫిషర్... ఇలా ఆ కొండ దిగినవాళ్లే తర్వాత మౌంటెన్ బైకుకు ఒక రూపమిచ్చారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఆ సైకిలు పోటీల్లో చోటు సంపాదించుకుంది.

ఇంతకీ ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరెందుకొచ్చింది? కారణం బ్రేకే!

పొగలు కక్కిన ఇరుసు

ఆ పాత సైకిళ్లకు చేతితో పట్టే బ్రేకులు లేవు. పెడల్‌ను వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బులో ఉండే బ్రేకు పట్టుకుంటుంది. లోపలి భాగాలు అరిగిపోకుండా హబ్బు నిండా గ్రీజు కూరుతారు. ఊళ్లో తిరగడానికి ఆ ఏర్పాటు సరిపోయేది. కానీ 1,300 అడుగుల దిగుడులో బ్రేకు పడుతూనే ఉండేసరికి హబ్బు మండిపోయేది. గ్రీజు కరిగి, కాగి, పొగై పోయేది. కిందికి చేరాక హబ్బు విప్పి మళ్లీ కొత్త గ్రీజు కూరితే తప్ప ఆ సైకిలు ఇంకోసారి కొండ దిగడానికి పనికొచ్చేది కాదు. అలా మళ్లీ కూరడమే రీప్యాక్. ఆ పేరే దారికీ, పందేనికీ స్థిరపడిపోయింది.

బ్రేకు వేగాన్ని మాయం చేస్తుందని అనుకుంటాం. నిజానికి వేగాన్ని వేడిగా మారుస్తుంది... అంతే. ఎక్కేటప్పుడు కాళ్లు పెట్టిన శ్రమంతా దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట తేలాల్సిందే. మనిషీ సైకిలూ కలిపి 100 కిలోలనుకుంటే, 1,300 అడుగులు దిగేసరికి బయటపడే శక్తితో లీటరుకు పైగా చన్నీళ్లను మరిగించొచ్చు. నాలుగున్నర నిమిషాల లోపే దిగితే, అది బకెట్లో పెట్టే 1,500 వాట్ల హీటరు అంతసేపూ వెలిగినట్టు లెక్క. అందులో కొంత ఎదురుగాలి తీసుకుంటుంది. ఇంకొంత టైర్లూ, గతుకులూ పంచుకుంటాయి. మిగిలిందంతా బ్రేకు నెత్తినే.

డిస్కులు వచ్చినా...

ఆ కుర్రాళ్లు తర్వాత డ్రమ్ము బ్రేకులు, మోటారు సైకిళ్ల లివర్లు తెచ్చి బిగించుకున్నారు. ఆ తర్వాత రిమ్మును రెండు వైపులా నొక్కే బ్రేకులొచ్చాయి. ఇప్పుడు పిల్లలు తొక్కే గేర్ల సైకిళ్లకు కూడా డిస్క్ బ్రేకులు వస్తున్నాయి. ‘డిస్క్ ఉంది కదా, ఇంకేం భయం’ అన్న ధీమా కూడా వాటితోపాటే వస్తోంది.

సైకిలు డిస్కు బరువు చాలావరకు 100 నుంచి 200 గ్రాముల మధ్యే ఉంటుంది. లీటరు నీళ్లను మరిగించే వేడిని ఆ పల్చటి రేకు తట్టుకోవాలి. గాలికి ఆరే తీరిక దొరికితే తట్టుకుంటుంది. దొరకకపోతే మూడు రకాలుగా మొరాయిస్తుంది.

ఒకటి, ప్యాడ్లు. అతిగా వేడెక్కితే వాటి పైభాగం గాజులా నున్నబడుతుంది. లివరు గట్టిగానే ఉంటుంది, ఎంత నొక్కినా సైకిలు మాత్రం ఆగదు. రెసిన్‌తో చేసిన ప్యాడ్లు చప్పుడు చేయకుండా మెత్తగా పడతాయి కానీ, ఈ చిక్కు వాటికే త్వరగా వస్తుంది. లోహపు పొడిని అచ్చుపోసి చేసినవి వేడిని ఎక్కువగా ఓర్చుకుంటాయి.

రెండు, ఆయిల్. ఖరీదైన బ్రేకుల్లో కేబుల్ బదులు ఆయిల్ ఉంటుంది. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు కాబట్టే చేతి ఒత్తిడి యథాతథంగా చక్రం దాకా వెళ్తుంది. అదే ఆయిల్ మరిగి బుడగలొస్తే, చెయ్యి నొక్కేది ఆ బుడగల్నే. లివరు హ్యాండిల్‌కి ఆనుకుంటుంది, బ్రేకు మాత్రం పడదు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. కానీ అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. ఆయిల్ మార్చకుండా ఏళ్ల తరబడి తొక్కితే ఎలా ఉంటుందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. కొన్ని బ్రేకుల్లో మినరల్ ఆయిల్ పోస్తారు. దానికి తేమను పీల్చే గుణం లేదు. అయితే పొరపాటున నీటిచుక్క చేరితే అది అడుగుకు దిగి, వేడి ఎక్కువగా ఉండే చోటే మరుగుతుంది. ఒకదాంట్లో పోయాల్సింది ఇంకోదాంట్లో పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి.

మూడు, డిస్కే. వేడికి నీలం రంగు తేలుతుంది, ఒక్కోసారి వంకర తిరుగుతుంది.

రిమ్ము బ్రేకులున్న సైకిళ్లకూ ఈ బాధ తప్పదు. అక్కడ కాలేది రిమ్ము. దాన్ని అంటుకునే ట్యూబు ఉంటుంది. బరువెక్కువై, దిగుడు పొడవైతే ట్యూబు పేలే ప్రమాదముంది.

లారీ డ్రైవరు చెప్పే పాఠం

మన ఘాట్ రోడ్లలో లారీలు నడిపేవాళ్లది ఒకటే సూత్రం: ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడూ అదే గేరు. బండిని ఇంజినే పట్టి ఉంచుతుంది, బ్రేకుకు పని తగ్గుతుంది. సైకిలుకు ఇంజిను లేదు. కాబట్టి ఆ తెలివంతా చేతివేళ్లలోనే ఉండాలి.

కొత్తగా కొండ దిగేవాళ్లు భయంతో బ్రేకును సగం పట్టి, కిందిదాకా వదలరు. జాగ్రత్త అనిపించే ఆ పద్ధతే బ్రేకును ఎక్కువగా కాలుస్తుంది. డిస్కుకు చల్లారే క్షణమే దొరకదు. అనుభవజ్ఞులు వేరేలా చేస్తారు. మలుపుకు ముందే, తిన్నగా ఉన్న చోట గట్టిగా పట్టి వేగం తగ్గిస్తారు. తగ్గగానే వదిలేస్తారు. గాలి తగిలి డిస్కు కొంత చల్లబడుతుంది. మళ్లీ పడతారు, మళ్లీ వదులుతారు. వదలమన్నారు కదా అని వేగాన్ని చేతులు దాటనివ్వకూడదు. అంత ధైర్యం లేనివాళ్లు నెమ్మదిగా దిగుతూ మధ్యమధ్య ఆగడమే మేలు. మరీ నిటారుగా ఉన్నచోట దిగి నడిపించుకెళ్లడం నామోషీ కానే కాదు.

‘ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు’ అని పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటారు. అందులో నిజం సగమే. దిగుడులో బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రం తేలికై జారుతుంది. వెనక బ్రేకునే నమ్ముకుంటే సైకిలు సరిగా ఆగదు సరికదా, ఆ ఒక్క డిస్కే కాలిపోతుంది. నడుమును సీటుకు వెనగ్గా జరిపి, రెండు బ్రేకుల్నీ కలిపి, ముందుదాన్ని మెత్తగా పెంచుతూ పట్టాలి. ఈ అలవాటు ఇంటిముందు చదును రోడ్డు మీదే రావాలి. కొండ మీద నేర్చుకుందామంటే కుదరదు.

ముందే చెబుతుంది

బ్రేకు చెప్పాపెట్టకుండా చేతులెత్తేయడం అరుదు. ముందు కాలిన వాసన వస్తుంది. చప్పుడు మారుతుంది. లివరు మెత్తబడుతుంది, లేదా మునుపటికన్నా ఎక్కువ దూరం లోపలికి వెళ్తుంది. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా, చదునుగా ఉన్నచోట వెంటనే ఆగిపోవాలి. పది నిమిషాలు చల్లారనివ్వాలి. డిస్కును వేలితో తాకి చూడకూడదు, చర్మం అంటుకుపోతుంది. సీసాలో నీళ్లు పోయనూ కూడదు, వేడి రేకు వంకర తిరగొచ్చు. చల్లారాక లివరు మామూలుగానే అనిపించినా ఒకసారి మరిగిన ఆయిల్‌ను నమ్మకూడదు. మిగతా దారి నెమ్మదిగా దిగి, ఇంటికి రాగానే ఆయిల్ మార్పించాలి.

దారి మధ్యలోనే లివరు హ్యాండిల్‌కి ఆనుకుపోతే? గబగబా నాలుగైదుసార్లు నొక్కి వదిలితే కొంత పట్టు తిరిగి రావచ్చు. రెండో బ్రేకు వాడుతూ, లోయవైపు కాకుండా కొండవైపు వాలులోకి మళ్లించడమే మార్గం.

బయల్దేరే ముందు

విశాఖ నుంచి అరకు ఘాట్‌కో, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలకో సైకిళ్లు తీసుకెళ్లే కుటుంబాలు ముందురోజు ఓ పావుగంట వెచ్చిస్తే చాలు. ప్యాడ్ల మందం చూడాలి. కేబుల్ బ్రేకైతే ప్యాడ్లు అరిగేకొద్దీ బిగింపు సరిచేయాలి. చాలా డిస్కులు కొత్తప్పుడు 1.8 మిల్లీమీటర్లుంటాయి, 1.5కు అరిగితే మార్చాలి. కొత్త ప్యాడ్లు వేయిస్తే చదును రోడ్డు మీద ఇరవైసార్లయినా వేగం తగ్గిస్తూ పదును పెట్టాలి. గొలుసుకు నూనె వేసేటప్పుడు డిస్కు మీద చుక్క పడనివ్వకూడదు. బరువైనవాళ్లకూ, సామాను కట్టుకునేవాళ్లకూ పెద్ద డిస్కు నయం.

ఫెయిర్‌ఫాక్స్ కుర్రాళ్లకు ఆ పొగే పాఠం చెప్పింది. ప్రతి దిగుడుకూ హబ్బు విప్పి గ్రీజు కూరుకున్నారు. ఈ కాలపు బ్రేకులకు ఆ శ్రమ లేదు. అవి అడిగేది ఒక్కటే... పట్టిన ప్రతిసారీ కాసేపు వదలమని! కొండ దిగేటప్పుడు పిల్లలకు ‘గట్టిగా పట్టుకో’ అని చెప్పడంతో ఆగకుండా, ‘పట్టి వదులు’ అని కూడా చెబితే ఇంటిల్లిపాదీ క్షేమంగా కిందికి చేరతారు.