లంబసింగి పొగమంచు ఖరీదెంత?

డిసెంబర్ వస్తే చాలు, మీ వాట్సాప్ స్టేటస్‌ల నిండా లంబసింగి పొగమంచే. సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ఊరికి తెల్లారకముందే కార్లు, బైకులు బారులు తీరతాయి. మంచు చూడ్డానికి టికెట్ లేదు. మరి దాని విలువెంత? ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదువుతూ ‘మాకు ఉద్యోగాలెక్కడ?’ అనే మీరు ఈ లెక్క కట్టడం నేర్చుకోవాలంటాను.

గదుల బిల్లులు, బొంగులో చికెన్ అమ్మకాలు కూడితే సరిపోదా? సరిపోదు. అది జనం పెట్టిన ఖర్చు, పొందిన ఆనందం విలువ కాదు. 1947లో హెరాల్డ్ హోటలింగ్ అనే ఆర్థికవేత్త అమెరికా నేషనల్ పార్క్ సర్వీసుకు రాసిన లేఖలో ఓ కిటుకు చెప్పాడు. ప్రయాణ ఖర్చునే టికెట్ ధర అనుకోమన్నాడు. నర్సీపట్నం వాళ్లకు ఆ టికెట్ చవక, విశాఖ వాళ్లకు కాస్త ఎక్కువ, హైదరాబాద్ వాళ్లకు బాగా ఖరీదు. ఒక్కో ప్రాంతంలో వెయ్యిమందికి ఎందరొచ్చారో, తలా ఎంతైందో రాస్తే డిమాండ్ రేఖ వస్తుంది. రెండు వేలైనా పెట్టేందుకు సిద్ధపడ్డ మనిషికి ఎనిమిది వందల్లో పనైపోతే, మిగిలిన పన్నెండు వందలు అతని లాభం. మీరు కన్స్యూమర్ సర్‌ప్లస్ అని బట్టీపట్టింది ఇదే. అందరి మిగులూ కూడాలి.

చెప్పినంత సులువు కాదు. రాత్రంతా చేసిన ప్రయాణానికి ఎంత కట్టాలి? చాలా అధ్యయనాల్లో గంట వేతనంలో మూడో వంతు వేస్తారు. సరదాగా బైక్ మీద వచ్చిన స్టూడెంట్‌కు అదీ ఎక్కువేనేమో! అరకు, వంజంగి కూడా చుట్టొచ్చినవాళ్ల పెట్రోలంతా లంబసింగి ఖాతాలో వేస్తే తప్పు లెక్కే.

నా అసలు బాధ వేరు. పార్కింగ్, మరుగుదొడ్లు, చెత్త ఎత్తడం... వీటికి డబ్బు అడగాలంటే చేతిలో ఒక అంకె ఉండాలి. అయితే ఆ అంకె ఎంత పెద్దదైనా అది హైదరాబాద్ కుర్రాడి మిగులు, ఊళ్లోని గిరిజన కుటుంబం ఆదాయం కాదు. చలిమంట వేసిచ్చే ఇంటికి ఎంత దక్కింది, టెంట్ల యజమానికి ఎంత దక్కిందన్నది వేరే కాలమ్‌లో రాయాలి. ఒక్క అంకెతో ముగించే రిపోర్టును నేను నమ్మను.

అమెరికాలో బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్ ఏటా ఔట్‌డోర్ వినోదాల లెక్కలు వేస్తుంది. స్కీయింగ్ లాంటి మంచు ఆటలకు అందులో విడిగా పద్దుంది. 2023లో మొత్తం ఔట్‌డోర్ వాటా జీడీపీలో 2.3 శాతం. ఇక్కడ భోపాల్‌లోని ఐఐఎఫ్ఎం పులుల అభయారణ్యాల విలువ కట్టింది. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు చదివేవాళ్లకూ, పర్యావరణ కన్సల్టెన్సీల్లో చేరాలనుకునేవాళ్లకూ ఇది పనికొచ్చే విద్య.

ఈ చలికాలం నలుగురు ఫ్రెండ్స్ కలిసి వంద మందిని అడగండి. ఎక్కడి నుంచి వచ్చారు, ఎలా వచ్చారు, ఎందరు, ఎంతైంది, ఇంకెక్కడికి వెళ్తారు? ఎక్సెల్ చాలు. అన్నట్టు, సూర్యోదయం టైంలో అడగొద్దు, ఎవరూ జవాబివ్వరు. టీ తాగేటప్పుడు పట్టుకోండి.