డిగ్రీ అయ్యాక మీ క్యాడ్ ఏది?

కాలేజీలో ఉన్నంతకాలం మీకు ఆటోక్యాడ్ ఉచితం. సర్టిఫికెట్ చేతికొచ్చాక? స్టూడెంట్ లైసెన్స్ చదువుకే. దానితో డబ్బులకు డ్రాయింగ్ వేయకూడదు. ఒకసారి కొని ఏళ్లతరబడి వాడుకునే రోజులూ పోయాయి. 2016 నుంచి ఆటోడెస్క్ చందా బాట పట్టింది. డ్రాఫ్ట్‌సైట్ ఉచిత వెర్షన్ కూడా 2019తో ఆగిపోయింది. ‘క్రాక్ ఉందిగా’ అంటారా? అది చట్టవిరుద్ధం, పైగా వైరస్‌ల భయం.

బ్రాకెట్, షాఫ్ట్, ఫ్లాంజ్ లాంటి సింపుల్ డ్రాయింగ్‌లకు, 2డీలో లిబ్రెక్యాడ్ చాలు. 3డీ మోడల్ చేసి, దాన్నుంచి డ్రాయింగ్ తీయాలంటే ఫ్రీక్యాడ్ ఉంది. దీని 1.0 వెర్షన్ 2024 నవంబరులో వచ్చింది. రెండూ ఉచితమే, సంపాదనకూ వాడుకోవచ్చు. ఆన్‌షేప్ ఉచిత ఖాతాలో మాత్రం మీ ఫైళ్లు అందరికీ కనిపిస్తాయి, జాగ్రత్త.

ఒక చిక్కుంది. చాలా కంపెనీలు డీడబ్ల్యూజీ ఫైల్ అడుగుతాయి. లిబ్రెక్యాడ్ అందులో సేవ్ చేయదు. డీఎక్స్‌ఎఫ్‌లో ఇవ్వండి, ఆటోక్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఉద్యోగ ప్రకటనల్లో ఆటోక్యాడ్ పేరు తరచూ కనిపిస్తుంది కాబట్టి, లైసెన్స్ ఉండగానే దాన్నీ నేర్చేసుకోండి.

ఈ ఆదివారం ఒక పాత నట్టూ బోల్టూ తీసుకుని, వెర్నియర్‌తో కొలిచి, ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్‌లో గీయండి. కొలతలు, టాలరెన్సులు సరిగ్గా ఇవ్వడం వస్తే, సాఫ్ట్‌వేర్ మారినా మీ పని ఆగదు.