హార్స్‌పవర్ ఒక్కటే చూసి ట్రాక్టరు కొనొద్దు

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, ట్యూబుల మీద 18 శాతం ఉన్నది కూడా 5 శాతమే అయింది. ఇది రైతుకు దక్కాల్సిన ఊరటే. కానీ పన్ను తగ్గిందని తొందరపడి మన పొలానికి పనికిరాని బండి కొంటే, మిగిలిన డబ్బు రెండు పంటలు తిరిగేలోపే డీజిలుకూ టైర్లకూ పోతుంది. వాయిదాలు మాత్రం ఆగవు.

షోరూములో ముందుగా వినిపించేది ఇంజను హార్స్‌పవర్. రోటావేటరును తిప్పేది అదంతా కాదు, వెనక పీటీవో దగ్గర అందే శక్తి. అది ఎప్పుడూ ఇంజను లెక్క కంటే తక్కువే. 45 హెచ్‌పీ అని రాసి ఉన్న రెండు మోడళ్లు అక్కడ ఒకేలా ఉంటాయనుకోవద్దు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్ర సంస్థ ఇచ్చే పరీక్ష నివేదికలో పీటీవో శక్తి, లాగే బలం, డీజిల్ ఖర్చు ఉంటాయి. దాన్ని చూపించమని డీలరును అడగాలి.

ఇక టైర్లు. దమ్ము చేసే వరిమడిలో పట్టు దొరకాలంటే గట్లు ఎత్తుగా, గాళ్లు లోతుగా ఉండాలి. అదే టైరుతో రోజూ చెరకు ట్రాలీ లాగితే తారురోడ్డు మీద గట్లు త్వరగా అరిగిపోతాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు బండి మడిలో ఉంటుందా, రోడ్డు మీద ఉంటుందా? ముందు ఆ లెక్క వేసుకోవాలి. నల్లరేగడిలో దిగబడే భయం ఉన్నవారికి వెడల్పు టైరు మేలు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికైతే ముందు టైర్లు, వెనక టైర్లు ఒకదానికొకటి లెక్క కుదరాలి. చౌకగా దొరికిందని ముందువి మాత్రమే వేరే సైజు వేస్తే భారమంతా గేర్ల మీద పడుతుంది. గట్టి రోడ్డెక్కాక ఫోర్ వీల్ లీవరు తీసేయడం కూడా చాలామంది మరిచిపోతున్నారు.

టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. ఏళ్ల తరబడి గోదాములో పడివున్న సరుకును కొత్త ధరకు అంటగట్టకుండా అది చూసుకోవాలి.

ప్రతి డీలరూ పీటీవో శక్తిని, డీజిల్ ఖర్చును, టైరు సైజును తెలుగులో బోర్డు మీద రాసి పెట్టేలా వ్యవసాయ శాఖ ఆదేశించాలని మేం కోరుతున్నాం. సభ్యులు కొత్త టైరు బిల్లులు దగ్గర పెట్టుకోండి. 5 శాతం కంటే ఎక్కువ పన్ను వేసి ఉంటే మండల కమిటీకి తెచ్చి చూపించండి.