రెండు పేర్ల మనుషులు

కోనసీమలో ఏ పేటకు వెళ్లినా ప్రార్థనా మందిరం కనిపిస్తుంది. అమలాపురం నుంచి రాజోలు దాకా కాలువ గట్టు వెంబడి పోయేవారు లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. కొన్ని తాటాకు పాకలు, కొన్ని రేకుల షెడ్లు, గల్ఫు డబ్బుతో లేచిన పాలరాతి మేడలు మరికొన్ని. ఇంటికి వచ్చి జనాభా లెక్కల పుస్తకం తెరిస్తే మాత్రం ఈ మందిరాల్లో కూర్చునే మనుషులు మాయమైపోతారు. 1971లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు నూటికి నాలుగు కన్న కొంచెం ఎక్కువ. 2001 నాటికి ఒకటిన్నర. 2011లో 1.34. మందిరాలు పెరిగే కొద్దీ భక్తులు తరిగిపోయే వింత మరే దేశంలోనైనా ఉందో లేదో గాని, మన దగ్గర ఉంది.

కారణం ఊళ్లో అందరికీ తెలుసు. బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రిజిస్టరులో పేరు మరొకటి. ఆదివారం ఆరాధనలో ఏస్తేరు, సోమవారం మండల కార్యాలయంలో లక్ష్మి. కుల ధ్రువపత్రం మీద హిందూ మాల, హిందూ మాదిగ అని ఉంటుంది. దీన్ని బయటివారు మోసం అంటారు. వేదిక మీది బోధకులు విశ్వాసహీనత అంటారు. ఈ రెండు తీర్పులూ తొందరపాటువని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ టపా.

ముందు చట్టం సంగతి. 1950 ఆగస్టులో రాష్ట్రపతి పేరుతో వెలువడిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది. హిందూ మతం కాక మరొక మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డు కులస్థుడిగా ఎంచరాదని దాని సారాంశం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవం పుచ్చుకున్నవారిని, వారి సంతతిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. 1977 నాటి ఒక ఉత్తర్వుతో కొన్ని ఆర్థిక సదుపాయాలను వారికీ వర్తింపజేశారు. షెడ్యూల్డు కులాల వాటాలో చదువు, ఉద్యోగం, అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ, రిజర్వుడు స్థానంలో పోటీ చేసే హక్కు మాత్రం పోతాయి. అమలాపురం లోక్‌సభ స్థానం, అమలాపురం, రాజోలు, పి.గన్నవరం శాసనసభ స్థానాలు అన్నీ రిజర్వుడే అన్న సంగతి గుర్తు చేసుకుంటే ఈ చివరి మాట బరువు తెలుస్తుంది.

ఇంకొక విచిత్రం. 2022లో ఏ మహానుభావుని పేరు ఈ జిల్లాకు చేర్చారో, ఆయన 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం స్వీకరించారు. ఆ పేరా అక్షరాన్ని బట్టి చూస్తే ఆనాటి నుంచి అంబేడ్కర్ సైతం షెడ్యూల్డు కులస్థుడు కాదు!

ఈ పేరా వెనుక ఉన్న తర్కం పైకి సబబుగానే కనిపిస్తుంది. అంటరానితనం హిందూ సమాజపు రుగ్మత కనుక, ఆ సమాజాన్ని విడిచినవానికి ఆ రుగ్మత ఉండదట. 1985లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన సూసై కేసు ఈ తర్కాన్ని బాగా చూపిస్తుంది. అతడు మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. ప్రభుత్వం ఆ వృత్తివారికి ఉచితంగా బంకులు ఇచ్చింది. క్రైస్తవుడవు కనుక నీకు లేదు పొమ్మంది. మతం మారిన తరువాత కూడా అదే కులబాధ అంతే తీవ్రతతో కొనసాగుతున్నదని రుజువులు చూపితే గాని కుదరదని కోర్టు తేల్చింది. ఎండలో కూర్చుని చెప్పులు కుట్టే వాడి చేతిలో అదే ఆర, అదే దారం. వాటికంటే వేరే రుజువు ఏం తెస్తాడు?

గోదావరి డెల్టాలో ఈ మతానికి పునాది వేసిన ఇద్దరిలో ఒకరు చెప్పులు కుట్టేవారే కావడం యాదృచ్ఛికమే అయినా ప్రస్తావించకుండా ఉండలేను. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి ఓడెక్కిన విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. డెవన్ ప్రాంతపు బార్న్‌స్టేపుల్ వారిది. ఏ మిషను సంఘమూ జీతమిచ్చి పంపిన వారు కారు. కొబ్బరి తోటల సీమకు వశిష్ఠ ఆవలి ఒడ్డున, నర్సాపురంలో కాపురం పెట్టారు. మొదటి సంవత్సరాలలో పెద్దగా వినినవారు లేరు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. మట్టి మోసే, రాళ్లు మోసే వేలాది కూలీల దగ్గరికి బౌడెన్ వెళ్లాడు. ఆ కూలీల్లో మాలలు విస్తారంగా ఉన్నారు. గోదావరి జిల్లాల పేటల క్రైస్తవానికి వేళ్లు అక్కడున్నాయి. ఆనకట్ట నీళ్లతో కోనసీమ పచ్చబడింది. కాటన్ దొరకు విగ్రహాలు వెలిశాయి. తట్టలు మోసిన వారికి ఆ పచ్చదనంలో సెంటు భూమి దక్కలేదు గాని, ఒక కొత్త పేరు దక్కింది. ఆ పేరునే ఇప్పుడు దాచుకోవలసి వస్తున్నది.

మతం మారితే కులం పోయిందా? పాకిస్తాన్ పంజాబు వైపు చూడండి. పంతొమ్మిదో శతాబ్దం చివర క్రైస్తవంలో చేరిన చూహ్రా కులస్థుల మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ పెద్ద సంఖ్యలో వీధులూడ్చే పనిలోనే ఉన్నారు. మారింది మతం, చీపురు మారలేదు. మన దగ్గరా అంతే. 2022 మే 24న, జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దన్న ఆందోళనలో అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగలబడ్డాయి. ఆనాడు పేటలను కమ్మిన భయం మందిరానికి వెళ్లేవారికి ఒక కొలతగా, రామాలయానికి వెళ్లేవారికి ఒక కొలతగా కలగలేదు.

సంఘాలు కూడా ఇక్కడ సచ్ఛీలంగా లేవు. మాలల మందిరం వేరు, మాదిగల మందిరం వేరుగా ఉన్న ఊళ్లు మనమెరుగుదుం. క్రైస్తవ వధూవరుల ప్రకటనల్లో కులం మొదటి పంక్తిలోనే ఉంటుంది. క్రీస్తునందు కులం లేదని బోధించే నోరే కోడలి కులం అడుగుతుంది. కోర్టు కోరిన రుజువు ఇంతకంటే ఏం కావాలి? అయితే ఈ రుజువును తమంతట తాము ఒప్పుకునే పెద్దలు అరుదు.

ఇక రెండు పేర్ల విషయం. నన్ను ఆలోచింపజేసింది జపాన్ చరిత్ర. 1614లో అక్కడ క్రైస్తవాన్ని నిషేధించారు. ప్రతి కుటుంబమూ ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు నమోదు చేసుకుని, తాము క్రైస్తవులం కామని ఆ ఆలయం నుంచి పత్రం పొందాలి. నాగసాకి ప్రాంతంలో క్రీస్తు ప్రతిమ చెక్కిన పలకను కాలితో తొక్కించేవారు కూడా. తొక్కి, ఇంటికి వచ్చి, పశ్చాత్తాప ప్రార్థన చేసుకునేవారట ఆ రహస్య విశ్వాసులు. గురువులు లేరు, గ్రంథం లేదు. రెండున్నర శతాబ్దాలు గడిచిన తరువాత, 1865 మార్చిలో ఉరకామి గ్రామస్థులు కొందరు నాగసాకిలోని ఓఉరా చర్చికి వెళ్లి, తమ హృదయమూ మీ హృదయమూ ఒకటేనని ఫ్రెంచి గురువుకు రహస్యంగా తెలియజేశారు. వారిని చరిత్ర ద్రోహులు అనలేదు. నిలిచిన విశ్వాసానికి నిదర్శనం అన్నది.

బౌద్ధాలయపు పత్రానికీ మన కుల ధ్రువపత్రానికీ పోలిక పూర్తిగా కుదరదు, నిజమే. అక్కడ తల పోతుంది, ఇక్కడ సీటు పోతుంది. కూలికి పోయే తల్లి కూతురికి ఇంజనీరింగు సీటు అంటే ఏమిటో తెలిసినవారికి ఈ తేడా అంత పెద్దదిగా తోచదు. రెండు చోట్లా ఒకటే జరిగింది. రాజ్యం నీ దేవుడెవరని అడిగి, జవాబుకు వెల కట్టింది.

పేరును బట్టి విశ్వాసాన్ని తూచడం అసలే తెలుగు క్రైస్తవానికి నప్పని పని. ఈ మందిరాల్లో నేటికీ పాడే కీర్తనలు ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం పొందాడు. విష్ణునామం మాత్రం వదులుకోలేదు. ఎవరూ తప్పుపట్టలేదు. మరోవంక జాషువ పేరు బైబిలుది. ఆయన గబ్బిలం కబురు తీసుకెళ్లింది కాశీ విశ్వేశ్వరుడి దగ్గరికి. పౌరాణిక వస్తువులు ముట్టుకున్నందుకు క్రైస్తవ పెద్దలు ఆయనను వెలివేశారు, హిందువులు కులాన్ని బట్టి అవమానించారు. పురుషోత్తముడికి దొరికిన వెసులుబాటు జాషువకు ఎందుకు దొరకలేదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో దాక్కునే వీలు లేని మనిషి ఒక్కడే: పేట పాస్టరు. సంఘస్థులు అయ్యగారు అని పిలిచే ఈ మనిషి బతుకు కానుకల పెట్టె మీద, పండక్కి వచ్చే బియ్యం మీద నడుస్తుంది. వరదలో లంకలు మునిగితే ముందు ఖాళీ అయ్యేది ఆ పెట్టే. మైకులో వినిపించేది అతని గొంతు, గోడ మీద ఉండేది అతని పేరు. అతను హిందువునని ఏ కార్యాలయంలో చెప్పగలడు? 2025లో మన హైకోర్టు ముందుకు వచ్చింది అలాంటి ఒక పాస్టరు కేసే. తనను కులం పేరుతో దూషించి కొట్టారని గుంటూరు వైపు పాస్టరొకరు ఫిర్యాదు చేశారు. పదేళ్లుగా పాస్టరుగా ఉన్నారు కనుక షెడ్యూల్డు కుల హోదా లేదనీ, చేతిలో ధ్రువపత్రం ఉన్నా అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదనీ న్యాయస్థానం ఆ కేసు కొట్టివేసింది. ఉన్న చట్టానికి అది సూటి అన్వయమే కావచ్చు. నా సందేహమల్లా ఒకటే. ఒక మనిషి మీద కులం పేరుతో తిట్టు పడిందని చెబుతున్నప్పుడు, తిట్టినవాడి దృష్టిలో అతని కులం ఏమిటన్నది కదా విచారించవలసింది?

ప్రతి ఆదివారం మన మందిరాల్లో లోకమంతటా శ్రమల్లో ఉన్న సంఘాల కోసం ప్రార్థిస్తారు. నైజీరియా, ఉత్తర కొరియా, పాకిస్తాన్ అన్నీ వస్తాయి. మంచిదే. ఆ జాబితాలోకి తమ అయ్యగారి బిడ్డల చదువు రాదు. హతసాక్షుల కథలు కన్నీళ్లతో చెప్పి, ఎదురుగా కూర్చున్న రెండు పేర్ల తల్లిని పేతురు బొంకుతో పోల్చే ప్రసంగం నాకు న్యాయంగా తోచదు. పేతురుకు కోడి కూసిన తరువాత ఏడ్చే అవకాశమైనా ఉంది.

ఎదుటి వాదన లేకపోలేదు. పదిహేను శాతంలో కొత్తవాళ్లు వస్తే అసలు వాళ్ల గతి ఏమిటని షెడ్యూల్డు కులాల హిందువులే అడుగుతారు. మిషను బడుల్లో ముందు చదువుకున్నవారు వాటా కొల్లగొడతారన్న భయం నిరాధారం కాదు. వర్గీకరణ గొడవ మొత్తం అటువంటి భయం నుంచి పుట్టిందే. అయితే జనాభా లెక్కల నుంచి మాయమైన ఆ మనుషులు ఎక్కడున్నారు? ఆ పదిహేనులోనే, వేరే పేరుతో! వారికి నిజం చెప్పుకునే హక్కు ఇచ్చినంత మాత్రాన వాటా అంతగా చిన్నబోదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరాను తీసివేయమని సిఫార్సు చేసింది. మన శాసనసభ 2009లో, మళ్లీ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఈ హోదా కావాలని తీర్మానించింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు, దాని గడువు పొడిగించారు. పేరా కదలకుండా ఉండగా ఎందరో పిల్లలు పెద్దవాళ్లయ్యారు.

ఇంటి పనికి కువైట్ వెళ్లిన కోనసీమ ఆడవాళ్లకు వారపు సెలవు శుక్రవారం కనుక ఆరాధనా శుక్రవారమే. అక్కడి నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో అనేక భాషల సంఘాలతో పాటు తెలుగు సంఘాలూ కూడుకుంటాయి. పరాయి దేశం, ముస్లిం రాజ్యం, పనిచేసే ఇంట్లో ఎన్నో ఇక్కట్లు. అయినా క్రైస్తవురాలినని చెప్పినందుకు ఆమె కూతురి సీటు అక్కడ పోదు. ఆ సీటు పోయేది ఆమె పంపిన డబ్బుతో మందిరం లేచిన సొంత ఊళ్లో.

2027 మార్చి 1 ప్రాతిపదికగా జనగణన ఉంటుందని, అందులో కులమూ అడుగుతారని 2025లో ప్రకటించారు. ఆ కాగితంలో మతం క్రైస్తవమని రాయించినవారిని షెడ్యూల్డు కులం కింద రాయరు. గణకుడు పేటకు వచ్చినప్పుడు చాలా ఇళ్లలో జవాబు అలవాటుగానే వస్తుంది. మందిరం పక్క ఇంట్లో, అయ్యగారి అరుగు మీద మాత్రం కాస్త ఆలస్యమవుతుంది.