మా ఊరి బాయి నుంచి అండమాన్ ఒడ్డు దాకా

రాత్రి పదకొండున్నరకు మా చిన్నాయన కొడుకు వాట్సాప్ గ్రూపులో ఒక రీల్ పడేశాడు. నీలం నీళ్ళు, నారింజ రంగు చేపలు, వీపు మీద సిలిండర్‌తో ఒకమ్మాయి కెమెరాకు చెయ్యి ఊపుతోంది. కింద ఒక్కటే లైను: "అన్నా, ఫిబ్రవరిల పోదాం. అండమాన్. ఫిక్స్."

పొద్దున లేచేసరికి ప్లాన్ కూడా రెడీ. శుక్రవారం ఫ్లైట్, శనివారం జైలు చూసుడు, ఆదివారం బీచ్, సోమవారం పొద్దున్నే డైవింగ్, పదింటికి ఫెర్రీ, మధ్యాహ్నం ఫ్లైట్, రాత్రికి హైదరాబాద్, మంగళవారం డ్యూటీ. నలుగురం. అందులో ఒకడికి ఈత రాదు, ఇంకొకడికి చిన్నప్పుడు ఆయాసం ఉండేది. ఆ సంగతి వాడి ఇంట్లోవాళ్ళకు, మాకు తప్ప ఎవరికీ తెలీదు.

మాది స్టేషన్ ఘన్‌పూర్. పేరులోనే స్టేషన్ ఉంది కాబట్టి కోటగుళ్ళున్న ఆ గణపురంతో కలిపెయ్యకండి. రైలెక్కితే రెండు గంటల్లో సికింద్రాబాద్ వస్తుంది గానీ, సముద్రం ఎటు పోయినా కొన్ని వందల కిలోమీటర్లు. అయినా మా పోరగాళ్ళకు నీళ్ళంటే భయం లేదు. ఎండాకాలం సెలవులన్నీ మోటర్ బాయిల్లోనే గడిచాయి. నడుముకు డబ్బా కట్టుకుని మొదలుపెట్టి, రెండేళ్ళు తిరిగేసరికి గట్టు మీది నుంచి తలకిందులుగా దూకి, అడుగున పడేసిన రూపాయి బిళ్ళ తెచ్చే దాకా వచ్చినవాళ్ళం. అందుకే మా తమ్ముడి ధైర్యం. "మనకు బాయే నేర్పింది గదా అన్నా, ఇంకేం నేర్సుకోవాలె?"

నేను ఈ ట్రిప్ కోసం చదవడం మొదలుపెట్టాక అర్థమైంది ఏంటంటే, బాయి నేర్పిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని సముద్రంలో దిగే ముందు మర్చిపోవాలి.

ముందు షోర్ డైవింగ్ అంటే ఏంటో చెప్పాలి. పడవలో లోపలికి తీసుకుపోయి నడి నీళ్ళలో దింపితే అది బోట్ డైవ్. సిలిండర్ తగిలించుకుని ఒడ్డు మీది నుంచే నడుచుకుంటూ, మోకాళ్ళ దాకా, నడుము దాకా, ఛాతీ దాకా దిగుతూ పోతే అది షోర్ డైవ్. మొదటిసారి పోయేవాళ్ళకు ఇదే నయం. పడవలో వాంతుల గోల లేదు. లోతు మెల్లమెల్లగా పెరుగుతుంది. నిలబడే లోతులోనే మాస్క్‌లోకి నీళ్ళొస్తే ఏం చెయ్యాలో ప్రాక్టీస్ చేయిస్తారు. భయమేస్తే వెనక్కి నడిచి వచ్చెయ్యొచ్చు. కరీబియన్‌లో బొనెయిర్ అనే దీవి మొత్తం దీనికే ఫేమస్, రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ళ మీద డైవింగ్ చోట్ల పేర్లు రాసి ఉంటాయి. మన బడ్జెట్‌కు మాత్రం హేవ్‌లాక్. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, కానీ అందరి నోటా ఇంకా హేవ్‌లాకే. అక్కడ నెమో రీఫ్ అనే చోట ఒడ్డు నుంచే దిగుతారు. మొదటిసారి వచ్చినవాళ్ళలో చాలామంది డైవింగ్ మొదలయ్యేది అక్కడే.

విశాఖలో రుషికొండ దగ్గర కూడా స్కూబా ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. ఖర్చు తక్కువ, దూరం తక్కువ. కానీ అక్కడ నీళ్ళలో ఎంత దూరం కనిపిస్తుందనేది రోజును బట్టి చాలా మారుతుంది. మావాడికి రీల్‌లో చూసిన నీలమే కావాలి.

ఇక అసలు విషయం. బాయి అడుగుకు పోయినప్పుడు చెవులు నొప్పి పెట్టడం గుర్తుందా? చెవిలోకి నీళ్ళు పోయాయి అనుకునేవాళ్ళం. పైకొచ్చి తల పక్కకు వంచి ఒంటికాలి మీద గెంతేవాళ్ళం. అది నీళ్ళ వల్ల కాదట, ఒత్తిడి వల్ల. నేల మీద మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి ఒక వంతు అనుకుంటే, సముద్రంలో 10 మీటర్లు దిగేసరికి అది రెండు వంతులవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే అంచు దాకా నిండిన పదకొండు గజాల బాయి అడుగు. కర్ణభేరి లోపలికి నొక్కుకుపోతుంది, అదే ఆ నొప్పి. దానికి మందు కూడా తేలికే. ముక్కు మూసుకుని, నోరు మూసి, మెల్లగా గాలి ఊదాలి. చెవిలో చిన్నగా టప్ మంటుంది. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే, ప్రతి మీటరుకూ ఒకసారి చేస్తూ దిగాలి. కుదరకపోతే కొంచెం పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించాలి. పళ్ళ బిగువున ఓర్చుకుని దిగితే కర్ణభేరి చిరగొచ్చు. జలుబు చేస్తే ఈ టప్ పని చెయ్యదు. అందుకే జలుబుతో డైవింగ్ వద్దంటారు. డబ్బులు కట్టాం కదా అని దిగకూడదు.

ఇది చిన్న సంగతి. పెద్దది ఊపిరి.

బాయిలో మన గొప్పంతా ఊపిరి బిగబట్టడంలోనే. ఎవడు ఎక్కువసేపు మునిగితే వాడు హీరో. స్కూబాలో మొట్టమొదటి రూలే దానికి పూర్తిగా రివర్స్: ఎప్పుడూ, ఏ కారణానికీ ఊపిరి బిగబట్టొద్దు. మా తమ్ముడికి ఇది చెబితే నవ్వాడు. "ఊపిరి వట్టకుంటె నీళ్ళు మింగుతం గదనే!"

వాడికి నేను బెలూన్‌తో చెప్పాను, మీకూ అలాగే చెబుతా. బాయిలో మనం పీల్చే గాలి పైన, గట్టు మీద పీల్చింది. లోపలికి పోతే ఒత్తిడికి ఆ గాలి కుంచించుకుపోతుంది. పైకి వస్తే మళ్ళీ మొదటి సైజుకే వస్తుంది, అంతకంటే పెరగదు. అందుకే ఊపిరితిత్తులకు ఏం కాదు. స్కూబాలో అలా కాదు. 10 మీటర్ల లోతున సిలిండర్ నుంచి పీల్చే గాలి అక్కడి ఒత్తిడిలోనే వస్తుంది. అక్కడ 5 లీటర్ల గాలి పీల్చి, బిగబట్టి, పైకి వచ్చేశారనుకోండి. పైన అది 10 లీటర్లు అవ్వాలి. ఊపిరితిత్తుల్లో అంత చోటు లేదు. చిరుగుతాయి, గాలి బుడగలు రక్తంలోకి పోతాయి, మెదడుకు పోతే ప్రాణానికే ముప్పు. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు, మీటరున్నర చాలు. పై నీళ్ళలోనే ఒత్తిడి తేడా ఎక్కువ.

ఇప్పుడు ఆలోచించండి, భయమేసినప్పుడు ఈత వచ్చినవాడు ఏం చేస్తాడు? ఊపిరి బిగించి పైకి తన్నుకుంటాడు. పదేళ్ళ అలవాటు. ఈత రాని మా దోస్తుకు ఆ అలవాటే లేదు, ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది చెప్పినట్టు చేస్తాడేమో. మా నలుగురిలో డేంజర్ కేసు వాడు కాదు, మా తమ్ముడు. ఈ మాట గ్రూపులో రాస్తే రెండు గంటలు రిప్లై లేదు.

(మధ్యలో ఒక మాట. పందెం కోసం గబగబా పది పదిహేను సార్లు ఊపిరి తీసి మునుగుతారు చూడండి, అది బాయిలో కూడా చెయ్యకండి. ఊపిరి కావాలనే కబురు ఒంట్లో ఆలస్యంగా అందుతుంది, ఈలోపే స్పృహ పోతుంది. పైనున్నవాళ్ళు ఇంకా మునిగే ఉన్నాడు అనుకుంటూ లెక్కపెడుతుంటారు.)

ఆయాసం ఉన్న దోస్తు విషయం కూడా ఇదే ఊపిరి దగ్గరికి వస్తుంది. డైవింగ్‌కు ముందు ఒక మెడికల్ ఫారం ఇస్తారు. ఆస్తమా, గుండె, ఫిట్స్, చెవి ఆపరేషన్, ఈ మధ్య చేయించుకున్న సర్జరీలు, అన్నీ అడుగుతారు. ఒక్కదానికి అవును అన్నా డాక్టర్ సంతకం తెమ్మంటారు. వాడేమో "నో అని టిక్ కొడ్తె అయిపాయె గద మామా, గిప్పుడైతె ఏం లేదు" అన్నాడు. చాలామంది చేసేది అదే. కానీ ఆస్తమాలో సన్న గొట్టాలు మూసుకుపోయి గాలి లోపలే ఇరుక్కోవచ్చు. వాడు ఊపిరి బిగబట్టకపోయినా ఊపిరితిత్తిలో ఒక మూల బిగబట్టినట్టే. ఆ బెలూన్ కథే మళ్ళీ. ఫారం డైవ్ షాప్‌ను కాపాడుకోవడానికి అనుకుంటాం గానీ, అబద్ధం చెబితే ఇరుక్కునేది సంతకం పెట్టినవాడే. ఇవన్నీ అక్కడికి పోయాక చూద్దాం అంటే కుదరదు. దీవిలో దిగాక డాక్టర్ కోసం వెతికే బదులు హన్మకొండలో ముందే చూపించుకోవాలి.

కోర్సు చెయ్యాలా, ఊరికే ఒకసారి చూసి రావాలా అన్నది ఇంకో చర్చ. ఒకసారి చూసి రావడాన్ని డిస్కవర్ స్కూబా లాంటి పేర్లతో పిలుస్తారు. ఈత రాకపోయినా ఫర్వాలేదు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటాడు, 12 మీటర్లకు మించి తీసుకుపోరు. షాపును బట్టి నాలుగైదు వేలు అడుగుతున్నారు. ఓపెన్ వాటర్ కోర్సయితే మూడు నాలుగు రోజులు, ముప్పై వేల చుట్టుపక్కల. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు తేలాలి, సముద్రంలో నాలుగు డైవ్‌లు చెయ్యాలి. పాసైతే 18 మీటర్ల దాకా దిగడానికి కార్డు ఇస్తారు. థియరీ అంతా ముందే ఫోన్లో చదువుకోవచ్చు. నా ఓటు మొదటిసారికి చిన్నదానికే. నచ్చితే మళ్ళీ పోవచ్చు, దీవి ఎక్కడికీ పోదు.

షాప్ వాళ్ళకు ఫోన్ చేస్తే అందరం ధరే అడుగుతాం. మీరు ఇంకో మూడు అడగండి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది? ఒడ్డు మీద ఎమర్జెన్సీ ఆక్సిజన్ ఉంటుందా? ఏదైనా అయితే దగ్గర్లో రీకంప్రెషన్ చాంబర్ ఎక్కడ? మొదటిసారి డైవ్‌కు ఒకరికి ఒకరు ఉంటే మంచిది. ఫొటోలు, వీడియోలు ఫ్రీ అని మాత్రమే చెప్పి మిగతా వాటికి నసిగితే ఫోన్ పెట్టెయ్యండి.

తేదీల దగ్గరికి వద్దాం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం, మే ఆఖరుకు వానలు దిగుతాయి, ఫెర్రీలు ఆగుతుంటాయి. మా లాంటి లోపలి జిల్లాలవాళ్ళకు తట్టనిది ఇంకోటుంది, ఆటుపోట్లు. రోజుకు రెండుసార్లు సముద్రం వెనక్కి పోతుంది, రెండుసార్లు ముందుకు వస్తుంది. హేవ్‌లాక్ తూర్పు ఒడ్డున ఆటు సమయంలో నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి రాళ్ళు బయటపడతాయి. ఆ రాళ్ళ మీద సిలిండర్ మోసుకుంటూ నడవడం అంటే మడమలు పోయినట్టే. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల ఈ తేడా ఎక్కువ, అష్టమి చుట్టుపక్కల తక్కువ. మా నానమ్మ గోడకు వేలాడదీసిన క్యాలెండర్ డైవింగ్‌కు పనికొస్తుందని నేను అనుకోలేదు. మేం అష్టమి వచ్చే వారమే చూసుకున్నాం. సరైన టైము షాప్ వాళ్ళే చెబుతారు, పొద్దున ఆరింటికి రమ్మంటే గొణక్కుండా పోవాలి. అక్కడ తెల్లారేది కూడా మనకంటే ముందే, చలికాలం సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది.

ఇక మావాడి సోమవారం ప్లాన్. పొద్దున డైవింగ్, మధ్యాహ్నం ఫ్లైట్. ఇదే అన్నిటికంటే తప్పు. లోతున పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరిగి ఉంటుంది. మెల్లగా ఊపిరితోనే బయటకు పోవాలి. అది పోకముందే విమానం ఎక్కితే, పైన ఒత్తిడి తగ్గేసరికి సోడా సీసా మూత తీసినట్టు ఒంట్లో బుడగలు కట్టొచ్చు. ఒకే ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే కనీసం 18 గంటలు ఆగాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెబుతోంది. అందుకే ప్లాన్ తిరగేశాం. పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే (2024 నుంచి శ్రీ విజయపురం) మరుసటి ఫెర్రీకే హేవ్‌లాక్. రెండో రోజు డైవ్. మూడో రోజు ఖాళీ, గాలి ఎక్కువై డైవ్ వాయిదా పడితే పనికొస్తుంది. నాలుగో రోజు తిరిగొచ్చి సెల్యులర్ జైలు, ఐదో రోజు ఫ్లైట్. ఒక రోజు సెలవు, ఒక రాత్రి రూమ్ ఎక్కువ. మావాడు రెండు వేలు లాస్ అన్నాడు. ఆ రెండు వేలు నేనే పెట్టుకుంటా అన్నా.

ఒంటరిగా ఉన్న చోట, మడ అడవుల దగ్గర, చీకటి పడ్డాక నీళ్ళలోకి దిగొద్దు. అక్కడ మొసళ్ళుంటాయి. 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక టూరిస్టు మొసలి దాడిలో చనిపోయారు. బోర్డు ఉన్న చోట బోర్డు మాట వినండి. పగడాల మీద కాలు పెట్టొద్దు, రాయిలా కనిపిస్తాయి గానీ అవి ప్రాణమున్నవి. ఒడ్డున ఎండిపోయి పడున్న ముక్కను కూడా బ్యాగులో వేసుకోవద్దు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో దొరికిపోతారు.

హిందీ రాదని భయపడే అమ్మానాన్నలకు ఒక మాట చెప్పండి. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి పోయి స్థిరపడినవాళ్ళు చాలామంది.

ఇప్పటికి పరిస్థితి ఇది. టికెట్లు మార్చాం. ఆయాసం దోస్తు వచ్చే మంగళవారం ఛాతీ డాక్టర్ దగ్గరికి పోతున్నాడు. వద్దంటే స్నార్కెల్ పెట్టుకుని పైనే తేలుతూ చూస్తానని తనే చెప్పాడు, మేం అడగకముందే. ఈత రానివాడు యూట్యూబ్‌లో మాస్క్ క్లియర్ చేసే వీడియోలు చూస్తున్నాడు. మా తమ్ముడు మొన్న ఆదివారం బాయి దగ్గర మెట్ల మీద కూర్చుని, నోట్లో ఏమీ లేకుండానే, లోపలికి నాలుగు లెక్క, బయటికి ఆరు లెక్క అంటూ ఊపిరి తీస్తున్నాడు. చిన్నమ్మ చూసి భయపడి, పోరనికి ఏమైందో చూడమని నాకు ఫోన్ చేసింది.